1971 డిసెంబరు: యుద్ధవేళ విజయవాడ రేడియో

యుద్ధం వచ్చినప్పుడు విజయవాడ ఆకాశవాణి కేంద్రం యుద్ధవార్తలు సేకరించేది కాదు, రాసేదీ కాదు. అవి ఢిల్లీలో తయారై, ఢిల్లీలోనే తెలుగులోకి మారి, అక్కడి తెలుగు గొంతులతోనే కృష్ణా డెల్టాకు చేరేవి. వాటిని వేళ తప్పకుండా అందుకుని వినిపించడం, వార్తకూ వార్తకూ మధ్య మిగిలిన రోజునంతా నింపడం విజయవాడ పని. చూడడానికి రెండోది చిన్నపనిలా కనిపిస్తుంది గానీ, సరిహద్దుకు వందల కోసుల దూరంలో ఉన్న జనానికి యుద్ధం ఎలా అనుభవంలోకి వచ్చిందో తెలుసుకోవాలంటే దాన్నే దగ్గరగా చూడాలి. 1971 డిసెంబరులో పదమూడు రోజులు సాగిన భారత్–పాకిస్తాన్ యుద్ధం అందుకు మంచి ఉదాహరణ. డెల్టాలో ఒక్క బాంబు పడలేదు. ఇక్కడివాళ్లు ఆ యుద్ధాన్ని దాదాపు పూర్తిగా చెవులతోనే విన్నారు.

అంతకుముందు యుద్ధాల కథ వేరు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి, అప్పట్లో బెజవాడ అనే విజయవాడలో రేడియో కేంద్రమే లేదు. తెలుగు మాట వినాలంటే 1938 జూన్ 16న మొదలైన మద్రాసు కేంద్రమే దిక్కు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసినప్పుడు కోస్తా అంతా అల్లల్లాడింది. అప్పటికి రేడియో పెట్టె కలవారి ఇంటి వస్తువు. ఊళ్లలో వార్త కంటే వదంతి ముందు నడిచేది.

ఆరేళ్లకు యుద్ధం ఇంకా దగ్గరికి వచ్చింది. 1948 సెప్టెంబరు 13న మొదలైన హైదరాబాదు పోలీసు చర్యలో సైన్యం ఒక పాయ విజయవాడ వైపు నుంచే కదిలింది. సెప్టెంబరు 17న సాయంత్రం నిజాం స్వయంగా దక్కన్ రేడియో మైకు ముందుకు వచ్చి ఓటమిని ప్రకటించాడు. ఒక రాజ్యం రేడియోలోనే ముగిసిపోవడం తెలుగువాళ్లు విన్న సందర్భం అది. రెండున్నర నెలలు తిరిగాక, ఆ ఏడే డిసెంబరు 1న విజయవాడ కేంద్రం ప్రసారాలు మొదలుపెట్టింది.

1962 అక్టోబరు 20న చైనా దాడి మొదలయ్యే సమయానికి కేంద్ర ప్రభుత్వంలో సమాచార ప్రసార శాఖ మంత్రి తెలుగువాడే. నెల్లూరు జిల్లాకు చెందిన బెజవాడ గోపాలరెడ్డి, రవీంద్రుని శిష్యుడు, కవి. ఇంటిపేరులోనే మన ఊరున్న మంత్రిగారి హయాంలో ఆకాశవాణి తన మొదటి పెద్ద యుద్ధపరీక్షను ఎదుర్కొంది. ఆ పరీక్షలో దానికి మంచి మార్కులు వేయడం కష్టం. వెనుకంజ వార్తలు నెమ్మదిగా, అరకొరగా వచ్చాయి. ఈశాన్య సరిహద్దులోని బొమ్డిలా చేజారిన తరువాత, నవంబరు 19 రాత్రి నెహ్రూ రేడియోలో అస్సాం ప్రజలను తలుచుకుని మాట్లాడేదాకా పరిస్థితి ఎంత చేయి దాటిపోయిందో చాలామంది శ్రోతలకు అర్థం కాలేదు. 1965 నాటికి కొంత మార్పు వచ్చింది. అప్పుడు సమాచార శాఖ ఇందిరాగాంధీ చేతిలో ఉంది. లాల్ బహదూర్ శాస్త్రి యుద్ధమంతా మైకు ముందుకు వచ్చి పొట్టి వాక్యాలతో, ఆర్భాటం లేకుండా మాట్లాడాడు. తిండిగింజల కొరత తట్టుకోవడానికి వారంలో ఒక పూట, సోమవారం రాత్రి, భోజనం మానుకొమ్మని ఆయన అడిగాడు. దేశానికి బియ్యం పండించి పంపే డెల్టాకు కూడా ఆ విన్నపం వర్తించింది.

1971 నాటికి వినేవాళ్ల సంఖ్యే మారిపోయింది. మర్ఫీ, ఫిలిప్స్, బుష్ కంపెనీల వాల్వు సెట్లు ముందుగది గూట్లో, గుడ్డ ముసుగు కప్పుకుని కూర్చునేవి. మీట తిప్పాక వాల్వులు వేడెక్కి మాట వినిపించడానికి కొన్ని క్షణాలు పట్టేది. కొన్ని సెట్లకు ముందువైపు ఒక పచ్చ కన్ను ఉండేది. స్టేషను సరిగ్గా కుదిరితే అది దగ్గరికి మూసుకునేది. ఇంటి కప్పు మీద రెండు గడల మధ్య సాగదీసిన రాగితీగ ఏరియల్ ఉంటే ఆ ఇంట్లో రేడియో ఉన్నట్టే లెక్క. దానికి లైసెన్సు కావలసి వచ్చేది. రుసుము పోస్టాఫీసులో కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకోవాల్సి వచ్చేది. ఇవేవీ కొనలేనివాళ్లకు పంచాయితీ రేడియో ఉండనే ఉంది. పంచాయితీ ఆఫీసులో సెట్టు, బయట చెట్టుకో స్తంభానికో కట్టిన లౌడ్‌స్పీకరు. 1960లలో వచ్చిన ట్రాన్సిస్టరు ఈ దృశ్యాన్ని తలకిందులు చేసింది. కరెంటు అక్కర్లేదు, ఏరియల్ అక్కర్లేదు, భుజానికి తగిలించుకుని పొలానికి తీసుకుపోవచ్చు. చైనా యుద్ధాన్ని జనం రేడియో ఉన్న ఇంటికి వెళ్లి విన్నారు, 1971 యుద్ధం మాత్రం వాళ్లున్న చోటికే వచ్చింది.

నేల కూడా సహకరించింది. మీడియంవేవ్ తరంగాలు పగటిపూట నేలను అంటుకుని ప్రయాణిస్తాయి. పొడి రాతినేల వాటిని త్వరగా మింగేస్తుంది. తడి నల్లరేగడి, కాలువలు, ఆ పక్కనే సముద్రం ఉన్న చోట చాలా దూరం పోతాయి. అందుకే విజయవాడ కేంద్రం గొంతు దివిసీమ లంకల్లో, బందరు తీరంలో పగలంతా స్పష్టంగా వినిపించేది. చీకటి పడ్డాక కథ మారుతుంది. రాత్రి పూట పై వాతావరణపు పొరలు ఈ తరంగాలను తిప్పి నేలకు పంపుతాయి కనుక ఎక్కడెక్కడి కేంద్రాలో వచ్చి ఒకదాని మీద ఒకటి పడతాయి. స్వదేశీ కేంద్రం పక్కనే పరాయి దేశం గొంతు వినిపించేది రాత్రిళ్లే.

1971 డిసెంబరు 3, శుక్రవారం. సాయంత్రం ఆరు కాకముందే పాకిస్తాన్ విమానాలు పశ్చిమాన ఉన్న మన విమానాశ్రయాల మీద దాడి చేశాయి. ప్రధాని ఇందిరాగాంధీ అప్పుడు కలకత్తాలో ఉంది. ఆమె ఢిల్లీ చేరుకోవడం, రాష్ట్రపతి వి.వి. గిరి అత్యవసర పరిస్థితి ప్రకటించడం, అర్ధరాత్రి దాటాక ప్రధాని రేడియోలో జాతినుద్దేశించి మాట్లాడడం, అన్నీ ఒకే రాత్రి జరిగిపోయాయి. మామూలు రోజుల్లో ఆ వేళకు ప్రసారాలు ముగించి కేంద్రాలన్నీ మూతపడి ఉండేవి. డెల్టాలో ఎక్కువమందికి యుద్ధం సంగతి తెల్లవారి శనివారం ఉదయపు వార్తల్లోనే తెలిసింది.

ఉదయపు ప్రసారం ఎప్పటిలాగే మొదలైంది. ముందు సంకేత సంగీతం. 1930లలో బొంబాయిలో ఉండిన చెక్ సంగీతకారుడు వాల్టర్ కాఫ్‌మన్ కూర్చిన ఆ శివరంజని ఛాయ స్వరాలు దేశమంతటా అన్ని కేంద్రాల్లోనూ ఒకటే. హిట్లర్ పాలన నుంచి తప్పించుకుని వచ్చిన ఒక యూదు శరణార్థి కట్టిన బాణీతో భారతదేశం యుద్ధపు రోజుల్లో కూడా నిద్ర లేవడం చిత్రమైన విషయమే. తరువాత వందేమాతరం, ఆపైన భక్తిరంజని. బాలాంత్రపు రజనీకాంతరావు వంటి సంగీతజ్ఞులు తీర్చిదిద్దిన ఈ భక్తిగీతాల కార్యక్రమం విజయవాడ కేంద్రానికి గుర్తింపు తెచ్చినవాటిలో మొదటిది. యుద్ధం వచ్చిందని దాన్ని తీసేయలేదు. తీసేస్తే జనం గాభరాపడేవాళ్లు. రోజూ వినే పాట రోజూ వినే వేళకు రావడం కంటే ఎక్కువ ధైర్యం ఏ ప్రకటనా ఇవ్వలేదు.

భక్తిరంజని తరువాత ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు. ఇక్కడే కంట్రోల్ రూము ఇంజనీరు పని కీలకం. ఢిల్లీ నుంచి షార్ట్‌వేవ్‌లో వచ్చే వార్తలను రిసీవర్లతో పట్టుకుని, స్టూడియో మీదుగా ట్రాన్స్‌మిటర్‌కు పంపి, మీడియంవేవ్‌లో మళ్లీ ప్రసారం చేయాల్సి ఉండేది. దీన్నే రిలే అంటారు. షార్ట్‌వేవ్ గాలివాటు మనిషి. ఒక నిమిషం గణగణమంటుంది, మరో నిమిషం బావిలోంచి మాట్లాడినట్టు వస్తుంది. వార్తల మధ్యలో గొంతు సన్నగిల్లితే శ్రోత తన సెట్టునే అటూ ఇటూ తిప్పేవాడు. లోపం తన రేడియోలో లేదని అతనికి తెలిసే వీలు లేదు.

ఢిల్లీ పార్లమెంటు వీధిలోని ఆకాశవాణి భవనంలో వార్తావిభాగం పద్ధతి ఇలా ఉండేది. పీటీఐ, యూఎన్‌ఐ వార్తాసంస్థల టెలిప్రింటర్ల మీద వచ్చేవి, రక్షణశాఖ ప్రతినిధి రోజూ విలేకరులకు చెప్పేవి, సొంత విలేకరులు పంపేవి అన్నీ కలిపి ఇంగ్లీషులో ఒక ఉమ్మడి ప్రతి తయారయ్యేది. తెలుగు విభాగంలో ఉన్నవాళ్లు దాన్ని అనువదించాలి, వాళ్లే చదవాలి. ఉద్యోగం పేరులోనే అనువాదకుడూ చదువరీ కలిసి ఉండేవాళ్లు. మామూలు రోజుల్లో అర్ధగంట దొరుకుతుంది. యుద్ధంలో మైకు ముందు కూర్చున్నాక కూడా కొత్త కాగితం చేతికి అందుతుంది. దాన్ని ఇంగ్లీషులో చూస్తూ తెలుగులో చదవగలగాలి. ఛంబ్, హుస్సేనీవాలా, లోంగేవాలా, జెస్సోర్, ఖుల్నా వంటి యుద్ధక్షేత్రాల పేర్లు తొట్రుపడకుండా పలకాలి. తొలి తెలుగు మహిళా న్యూస్‌రీడరు జోలెపాళెం మంగమ్మ, కందుకూరి సూర్యనారాయణ, ఏడిద గోపాలరావు వంటి వాళ్ల పేర్లు ఢిల్లీ తెలుగు వార్తల పుణ్యమా అని ఇంటింటా తెలిశాయి. వార్త చదివేముందు పేరు చెప్పడం మనకు అలవాటైన మర్యాద. బీబీసీ ఈ పని మొదలుపెట్టింది 1940లో, అదీ యుద్ధం కోసమే. జర్మన్లు దొంగ ప్రసారం చేస్తే శ్రోతలు గొంతును బట్టి అసలుదేదో పోల్చుకోవాలన్నది వాళ్ల ఉద్దేశం.

వార్తల తరువాత దేశభక్తి గీతాలు. గురజాడ, రాయప్రోలు, దేవులపల్లి కృష్ణశాస్త్రి వంటి వాళ్ల రచనలు తెలుగు కేంద్రాల దగ్గర ముందే రికార్డు చేసి ఉండేవి. వాటి అవసరం ఒక్కసారి ఎక్కువైంది. పక్షపత్రిక వాణిలో వారాల ముందే అచ్చయిన కార్యక్రమాల పట్టిక యుద్ధపు రోజుల్లో నమ్మదగిందిగా ఉండేది కాదు. లలిత సంగీతం అని ఉన్న చోట దేశభక్తి గీతం, ప్రసంగం అని ఉన్న చోట జవానుల గురించిన రూపకం వచ్చేవి. డ్యూటీ ఆఫీసరు ఆ రోజు కార్యక్రమాల వరస రాసిన క్యూషీటులో ఎర్రసిరాతో గీత కొట్టి మార్పు రాసి, దాని ప్రకారం టేపులు వరసపెట్టి స్టూడియోకు పంపితే అనౌన్సరు నడిపించేవాడు. విజయవాడకు నాటక బలగం పెద్దది. నండూరి సుబ్బారావు వంటి నటులు ఉన్న కేంద్రం అది. నాటికలు తక్కువ వ్యవధిలో కట్టి వినిపించడం అక్కడ కొత్త విద్యేమీ కాదు. నిజం చెప్పాలంటే యుద్ధం కోసం హడావుడిగా రాసిన రూపకాల్లో సాహిత్యం తక్కువ, నినాదం ఎక్కువ. శ్రోత వాటిని మర్యాదకు విని, వార్తల కోసం ఎదురుచూసేవాడు.

మధ్యాహ్న ప్రసారంలో స్త్రీల కార్యక్రమం, సంగీతం, మళ్లీ వార్తలు. యుద్ధకాలంలో ఆడవాళ్లకు ఉద్దేశించిన ప్రసంగాల్లో పొదుపు, వదంతులు నమ్మకపోవడం, జాతీయ రక్షణ నిధికి చందాలు, రక్తదానం వంటివి ఎక్కువగా వినిపించేవి. అప్పటి తూర్పు పాకిస్తాన్ అయిన తూర్పు బెంగాల్ నుంచి దాదాపు కోటిమంది శరణార్థులు దేశంలోకి వచ్చారు. వాళ్ల సహాయం కోసం 1971 నవంబరు 15 నుంచి ఉత్తరాల మీద అదనంగా 5 పైసల స్టాంపు అంటించాల్సి వచ్చింది. శ్రోతలు ఆకాశవాణికి పంపే కవర్ల మీద కూడా ఆ స్టాంపు ఉండేది.

అది డిసెంబరు. డెల్టాలో సార్వా కోతలు అయ్యి, కుప్పలు పడే రోజులు. సాయంత్రపు రైతుల కార్యక్రమానికి ఆ నెలలో ఉన్నంత గిరాకీ మరెప్పుడూ ఉండదు. 1966లో ఆకాశవాణి వ్యవసాయ, గృహ విభాగాలు పెట్టింది. ఆ తరువాతి ఏడు పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు ఐఆర్ 8 వరి పండించి పేరు తెచ్చుకున్నాడు. కొత్త వంగడాలకు ఎరువు ఎంత, పురుగుమందు ఎప్పుడు అనేది రైతు పుస్తకంలో కాక రేడియోలోనే నేర్చుకున్నాడు. యుద్ధమని చెప్పి ఈ కార్యక్రమానికి కోత వేస్తే దేశానికే నష్టం. శాస్త్రి ‘జై జవాన్, జై కిసాన్’ నినాదంలో జవాను పక్కన కిసాను ఊరికే చేరలేదు. అందుచేత ధరవరలు, దాళ్వా నారుమళ్లు, తెగుళ్ల సంగతులు యథాప్రకారం వచ్చేవి. కళ్లంలో కుప్పకు ఆనించిన ట్రాన్సిస్టరులో కాసేపు పాడి పశువుల మేత గురించి, ఆ వెంటనే జెస్సోర్ పతనం గురించి వినడం ఆ డిసెంబరు నెల ప్రత్యేకత.

సాయంత్రం ఢిల్లీ తెలుగు వార్తలు, ప్రాంతీయ వార్తలు ఒకదాని వెంట ఒకటి. కిళ్లీ కొట్ల దగ్గర, కాఫీ హోటళ్ల ముందు జనం గుమిగూడేది అప్పుడే. రాత్రి తొమ్మిదికి ఇంగ్లీషు వార్తలు. ఇంగ్లీషు తెలిసిన ప్లీడరో, మాస్టారో పక్కవాళ్లకు తెలుగులో చెప్పేవాడు. ఆంధ్రజ్యోతి, విశాలాంధ్ర వంటి దినపత్రికలు విజయవాడ నుంచే వెలువడేవి. మర్నాడు ఉదయం పత్రికలో రాబోయే పతాక శీర్షిక ఏమిటో రాత్రి రేడియో విన్నవాడు చెప్పగలిగేవాడు. లంక గ్రామాలకు పత్రిక పడవ దాటి చేరేసరికి అందులో ఉన్నది నిన్నటి రేడియో అయ్యేది.

అయితే రేడియో అన్నీ చెప్పలేదు. పశ్చిమ గోదావరిలో మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి తరతరాలుగా సైన్యానికి కొడుకులను పంపుతున్న మాధవరం ఉంది. మిలటరీ మాధవరం అని దానికి పేరే పడిపోయింది. అలాంటి ఊళ్లో రేడియో ముందు కూర్చున్న తల్లికి కావలసింది ఏ పట్టణం పట్టుబడిందన్నది కాదు. తన కొడుకున్న పటాలం ఎక్కడ ఉందన్నది. దాన్ని రేడియో ఎన్నడూ చెప్పదు, చెబితే శత్రువుకు కూడా చెప్పినట్టే. చనిపోయినవాళ్ల సంగతి ఇళ్లకు తంతి ద్వారా చేరేది.

ఈ మౌనానికి పెద్ద ఉదాహరణ మన తీరంలోనే ఉంది. డిసెంబరు 3–4 రాత్రి విశాఖపట్నం దగ్గర సముద్రంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. అది విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చింది. విక్రాంత్‌ను అప్పటికే అండమాన్ వైపు తరలించి, అది విశాఖ దగ్గరే ఉన్నట్టు నమ్మించేలా నౌకాదళం దొంగ వైర్‌లెస్ సందేశాలు పంపింది. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ పన్నిన పన్నాగం అది. తీరంలో పేలుడు శబ్దం విన్నవాళ్లున్నారు. అధికారిక ప్రకటన మాత్రం డిసెంబరు 9 దాకా రాలేదు. విజయవాడకు 350 కిలోమీటర్ల దూరంలో జరిగిన సంఘటన ఢిల్లీ చుట్టూ తిరిగి అయిదారు రోజుల తరువాత డెల్టా చెవిన పడిందన్నమాట. 2017లో సంకల్ప్ రెడ్డి తీసిన ఘాజీ సినిమాతో ఈ కథ కొత్త తరానికి తెలిసింది.

రేడియో దాచిందని అనుమానం వచ్చినప్పుడు జనం ముల్లు తిప్పేవాళ్లు. షార్ట్‌వేవ్ బ్యాండు ఉన్న సెట్లో బీబీసీ ఇంగ్లీషు, హిందీ ప్రసారాలు వచ్చేవి. తెలుగు పాటల కోసం అలవాటైన రేడియో సిలోను ఉండేది. రాత్రి పూట పాకిస్తాన్ రేడియో కూడా తగిలేది. ఒకే విమానయుద్ధంలో కూలిన విమానాల లెక్క రెండు దేశాల రేడియోల్లో ఎంత మాత్రం కలిసేది కాదు. ప్రభుత్వం కూడా ఇలాగే పరాయి రేడియోలు వినేది, కాకపోతే పద్ధతిగా. రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి నుంచి సిమ్లాలో నడిచిన ఆకాశవాణి మానిటరింగ్ విభాగం పరాయి రేడియోలన్నిటినీ విని నివేదికలు తయారుచేసేది. 1971లో ఆకాశవాణికి ఒక సౌలభ్యం కలిసొచ్చింది. చాలావరకు గెలుపు వార్తలే కనుక దాచవలసింది తక్కువ. బీబీసీలో విన్నదీ ఇక్కడ విన్నదీ రోజురోజుకూ దగ్గరపడుతుంటే, 1962లో పోయిన నమ్మకం చాలావరకు తిరిగి వచ్చింది. సమాచార శాఖ ఆ సమయంలో కూడా ఇందిరాగాంధీ దగ్గరే ఉంది, ప్రధాని పదవితో పాటు. ఓడిపోతున్న యుద్ధంలో ఇదే యంత్రాంగం ఎలా ప్రవర్తించి ఉండేదన్న ప్రశ్నకు 1971 జవాబు చెప్పదు.

ఆ పదమూడు రోజుల్లో ఆకాశవాణి మాటల గురి డెల్టా మీద మాత్రమే లేదు. తూర్పు పాకిస్తాన్‌లోని సైనికులను లొంగిపొమ్మని భారత సైన్యాధిపతి జనరల్ మానెక్‌షా ఇచ్చిన సందేశాలను అది పదేపదే ప్రసారం చేసింది. అవే మాటలను కరపత్రాలుగా విమానాల నుంచి జారవిడిచారు. బంగ్లాదేశ్ ప్రవాస ప్రభుత్వపు స్వాధీన్ బంగ్లా బేతార్ కేంద్రం కలకత్తా నుంచి 1971 మే 25 తరువాత నడుస్తూనే ఉంది. డిసెంబరు 6న భారత్ బంగ్లాదేశ్‌ను గుర్తించింది. ఈ ప్రసారాలను డెల్టా నేరుగా వినకపోయినా వాటి గురించిన వార్తలు విన్నది. ఆకాశవాణి పాకిస్తాన్ సైనికులతో ఏం చెబుతోందో తెలియడంతో, తాము వింటున్న పెట్టె కూడా యుద్ధంలో ఒక ఆయుధమేనన్న సంగతి శ్రోతలకు మెల్లగా అర్థమైంది.

డిసెంబరు 16, గురువారం. సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో ఢాకాలో అక్కడి పాకిస్తాన్ సేనల అధిపతి జనరల్ నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం చేశాడు. గంట తిరగకుండానే ఇందిరాగాంధీ లోక్‌సభలో ఆ సంగతి చెప్పింది. పత్రికలకు మర్నాడు ఉదయం దాకా ఆగక తప్పలేదు. సాయంత్రపు వార్తలకు రేడియోల చుట్టూ చేరిన జనానికి అదే మొదటి కబురు. మర్నాడు, 17 రాత్రి ఎనిమిది గంటలకు పశ్చిమాన కూడా కాల్పులు ఆగాయి. క్యూషీట్ల మీద ఎర్రసిరా తగ్గింది, లలిత సంగీతం తన వేళకు తిరిగి వచ్చింది. ఆ తరువాతి నెలే సంక్రాంతి. కేంద్రం పండుగ కార్యక్రమాల పనిలో పడింది.

నాయకుల ప్రసంగాలు ఢిల్లీలోని ఆకాశవాణి ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. రోజువారీ ప్రసారాలకు ఆ భాగ్యం లేదు. రేడియో కేంద్రాల్లో స్పూలు టేపు ఖరీదైన సరుకు కనుక, ఒకసారి వినిపించిన కార్యక్రమాన్ని చెరిపి అదే టేపు మీద మరొకటి ఎక్కించడం అప్పటి రివాజు. వార్తల మధ్య అనౌన్సరు చెప్పిన మాటలు టేపు మీదికి ఎక్కనే ఎక్కేవి కావు, నేరుగా గాలిలోకి పోయేవి.